పాఠకుల ప్రశ్నలు: పియానో నేర్చుకోవడానికి ఏ కీబోర్డ్, ఏ పెడల్?

ప్రశ్న: నమస్తే అండీ. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, వయసు 34. చిన్నప్పుడు 61 కీస్ కీబోర్డ్ మీద సినిమా పాటలు వాయించేవాణ్ణి. ఇప్పుడు పియానోని మొదటి నుంచి సరిగ్గా నేర్చుకోవాలని ఉంది. మంచి ల్యాప్‌టాప్ ఉంది కాబట్టి సౌండ్ దాన్నుంచే తెచ్చుకుని, 88 కీస్ ఉన్న మిడీ కంట్రోలర్ (సొంత సౌండ్ లేకుండా, ల్యాప్‌టాప్‌కి కలిపి వాయించే కీబోర్డ్) ఒకటి కొందామనుకుంటున్నాను. వెయిటెడ్, సెమీ వెయిటెడ్, హ్యామర్ యాక్షన్ అని ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్తున్నారు. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, కొండాపూర్, హైదరాబాద్

జవాబు: పియానో కోసమైతే ‘హ్యామర్ యాక్షన్’ అని ఉన్నదే చూడండి, మిగతా రెండు మాటలూ పక్కన పెట్టేయండి. మీరు చిన్నప్పుడు వాయించిన కీబోర్డ్‌లో కీ కింద ఉండేది స్ప్రింగ్. నొక్కితే దిగుతుంది, వదిలితే స్ప్రింగ్ పైకి తోస్తుంది. సెమీ వెయిటెడ్ అన్నా అదే స్ప్రింగ్, దానికి కాస్త బరువు కలుపుతారు. హ్యామర్ యాక్షన్‌లో మాత్రం కీ నొక్కినప్పుడు లోపల నిజంగానే సుత్తి లాంటి బరువొకటి కదులుతుంది, వేలు తీస్తే ఆ బరువే కీని తిరిగి పైకి తెస్తుంది. అసలు పియానోలో ఆ సుత్తి వెళ్లి తీగని కొడుతుంది, ఇక్కడ తీగ ఉండదు, అదీ తేడా. ఎంత నెమ్మదిగా నొక్కితే నోట్ పలుకుతుంది, ఎంతకి పలకదు, చేతి బరువు వేలి చివరికి ఎలా దించాలి అనేవి వేళ్లు నేర్చుకునేది ఆ బరువు మీదే. స్ప్రింగ్ మీద రెండేళ్లు సాధన చేసి ఆ తర్వాత పియానో ముందు కూర్చున్న పిల్లల్ని చాలామందిని చూశాను, పాట మొత్తం తెలిసి కూడా సగం నోట్లు పలకవు. పాపం వాళ్ల తప్పేం లేదు.

‘వెయిటెడ్’ అని మాత్రమే రాసి, హ్యామర్ అన్న మాట ఎక్కడా లేకపోతే కాస్త ఆగి అడగండి. నేను ఒకసారి ఆ అడగడం మానేశాను. కొలతలన్నీ చదివి, చేత్తో ముట్టుకోకుండానే ఆన్‌లైన్‌లో 88 కీస్ కంట్రోలర్ ఒకటి తెప్పించుకున్నాను. వచ్చాక చూస్తే కీ బరువుగా ఉందిగానీ, అడుక్కి దిగేసరికి తడి మట్టిలో వేలు పెట్టినట్టు ఉండేది, పైకి రావడానికి బద్ధకించేది. రెండు నెలల్లో ముంజేతులు నొప్పి పట్టాయి. ఊరికే బరువు ఉంటే చాలదని, ఆ బరువు వేలితో పాటు వెళ్లి వేలితో పాటు రావాలని నాకు అప్పుడు బాగా తెలిసింది.

ఇక కంట్రోలర్ విషయం. మీరు ల్యాప్‌టాప్ ఉంది కదా అని కంట్రోలర్ వైపు వెళ్తున్నారు, కానీ నేను మిమ్మల్ని డిజిటల్ పియానో వైపు తిప్పాలని చూస్తున్నాను. ఎందుకో చెప్తాను. మిడీ అంటే వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకోవడానికి 1983లో వచ్చిన ఏర్పాటు. దాని తీగలో సౌండ్ వెళ్లదు. ఏ కీ నొక్కారు, ఎంత వేగంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అనే వార్త మాత్రమే వెళ్తుంది. ఆ వేగాన్ని 1 నుంచి 127 వరకు ఒక అంకెగా పంపుతుంది. ఈ వార్త పంపడం ఇప్పటి చాలా డిజిటల్ పియానోలకి కూడా వచ్చు. యమహా పీ-45 గానీ, రోలాండ్ ఎఫ్‌పీ-10 గానీ వెనక యూఎస్‌బీ పోర్ట్ ఉంటుంది, ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెడితే అవే మీ కంట్రోలర్లు. కంట్రోలర్ అని పేరు పెట్టి అమ్మే దాంట్లో మీ డబ్బులో కొంత తిప్పే బటన్లకీ, జరిపే ఫేడర్లకీ, డ్రమ్ ప్యాడ్లకీ, చిన్న స్క్రీన్‌కీ పోతుంది. పియానో నేర్చుకునే మనిషికి వాటితో మొదటి మూడేళ్లు పని పడదు. అదే డబ్బుకి డిజిటల్ పియానోలో మెరుగైన కీస్, పైగా స్పీకర్లు, సొంత సౌండ్ వస్తాయి.

దీని వెనక ఇంకో కారణం కూడా ఉంది, నాకు అదే పెద్దది. ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదింటికి వచ్చి, మళ్లీ ల్యాప్‌టాప్ తెరిచి, ప్రోగ్రామ్ లోడ్ అయ్యేదాకా కూర్చుని, డ్రైవర్ పట్టుకుందో లేదో చూసుకుని అప్పుడు సాధన మొదలుపెట్టాలంటే వారంలో నాలుగు రోజులు మానేస్తారు. స్విచ్ వేస్తే పలికేది ఎదురుగా ఉంటే పది నిమిషాలైనా వాయిస్తారు. మంచి సౌండ్ కావాలన్న రోజున ల్యాప్‌టాప్ కలుపుకోండి. సాలమాండర్ గ్రాండ్ అని ఉచితంగా దొరికే పియానో సౌండ్ ఉంది, యమహా సీ5 గ్రాండ్ పియానో మీద రికార్డ్ చేసింది. డబ్బు పెట్టగలిగితే పియానోటెక్ చూడండి. అందులో రికార్డింగ్‌లు ఉండవు, తీగ మోగే తీరుని అప్పటికప్పుడు లెక్క కట్టి వినిపిస్తుంది, అందుకే హార్డ్‌డిస్క్‌లో చాలా తక్కువ చోటు తీసుకుంటుంది.

కంట్రోలరే కొనాల్సిన వాళ్లూ లేకపోలేదు. ఇంట్లో రికార్డింగ్ చేస్తూ, ఒకే కీబోర్డ్ మీద పియానో, వయొలిన్లు, సింథ్ అన్నీ వాయించాలి, స్వరాన్ని జార్చే పిచ్ బెండ్ కూడా కావాలి అంటే రోలాండ్ ఏ-88 ఎంకే2 లాంటిది సరిపోతుంది. దాని కీస్, ఎఫ్‌పీ-10 కీస్ రెండూ రోలాండ్ వాళ్ల పీహెచ్ఏ-4 అనే హ్యామర్ యాక్షన్ రకమే, అది గుర్తుపెట్టుకోండి. ఇటలీలోని రెకనాటిలో ఉన్న ఫాటార్ అనే సంస్థ కీస్ తయారుచేసి చాలా కంపెనీలకి ఇస్తుంది, వాళ్ల సొంత బ్రాండ్ స్టూడియోలాజిక్. కాబట్టి బయట పేరు ఏదైనా లోపలి కీస్ ఎవరివో, ఏ రకమో అడగడం మంచి అలవాటు. కేవలం పియానో టచ్ కోసమే కట్టిన కంట్రోలర్ అంటే కవాయ్ వీపీసీ1. చెక్క కీస్, మూడు పెడళ్లు దాంతోనే వస్తాయి, పిచ్ వీల్ ఉండదు, స్పీకర్లు ఉండవు, 29.5 కిలోల బరువు. పీ-45 బరువు 11.5 కిలోలు, ఎఫ్‌పీ-10 బరువు 12.3 కిలోలు, ఏ-88 ఎంకే2 బరువు 16.3 కిలోలు. అపార్ట్‌మెంట్‌లో మంచం కింద నుంచి రోజూ తీసి పెట్టుకునే వాళ్లు ఈ అంకెలు తప్పకుండా చూసుకోవాలి.

షాపుకి వెళ్తే ఏం చూడాలో కూడా చెప్తాను, ఎందుకంటే సేల్స్‌మన్ డెమో పాట నొక్కి చేతులు కట్టుకుని నిలబడతాడు. ముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గించమనండి. ఇప్పుడు వినిపించేదంతా కీస్ చప్పుడు, రాత్రిపూట కింది ఇంటివాళ్లకి వినబడేది అదే. తర్వాత తెల్ల కీ ముందు అంచున కాకుండా, నల్ల కీస్ మధ్యలోకి వేలు పెట్టి నొక్కండి. చవక వాటిలో కీ ఊగే ఇరుసు దగ్గరగానే ఉంటుంది, అందుకని లోపలివైపు నొక్కితే రాయిలా ఉంటుంది. గ్రాండ్ పియానోలో ఆ ఇరుసు ఎక్కడో వెనక ఉంటుంది, అందుకే లోపల నొక్కినా అంత తేడా తెలియదు. నల్ల కీస్ ఎక్కువ పడే స్కేల్స్ వాయించే రోజు వచ్చినప్పుడు ఇది మీకు బాగా తెలుస్తుంది. ఆ తర్వాత ఒకే నోట్‌ని కీ పూర్తిగా పైకి రానివ్వకుండా త్వరత్వరగా కొట్టండి. లోపల రెండు సెన్సర్లు ఉన్న కీబోర్డ్ కీ నొక్కిన వేగాన్ని ఆ రెండింటి మధ్య పట్టిన సమయంతో కొలుస్తుంది, కీ చాలా వరకు పైకి వస్తేగానీ రెండోసారి పలకదు. మూడో సెన్సర్ ఉంటే సగం నుంచే పలుకుతుంది. రోలాండ్ పీహెచ్ఏ-4లో మూడు ఉంటాయి.

జేబులో చిల్లర ఉంటే ఇంకో పరీక్ష. మామూలు పియానోలో మధ్య సీ కీ నెమ్మదిగా దిగడానికి దాదాపు 50 గ్రాములు కావాలి. 2012 నుంచి 2018 మధ్య సంవత్సరం ముద్రించిన రూపాయి బిళ్ల ఒక్కోటి 3.79 గ్రాములు. పదమూడు బిళ్లలు దొంతరగా పేర్చి కీ ముందు అంచున పెట్టండి. కీ మెల్లగా దిగితే దగ్గర్లో ఉన్నట్టే. పది బిళ్లలకే టపీమని పడిపోతే తేలిక, ఇరవైకి కూడా కదలకపోతే బరువు ఎక్కువ. వేగంగా వాయించేటప్పటి అనుభవం ఈ లెక్కలో దొరకదు, దానికి మాత్రం చేతులే పెట్టి చూడాలి. ఒక పది నిమిషాలైనా కూర్చుని వాయించండి, మొహమాటపడకండి, డబ్బు మీది.

ఇంటికి తెచ్చి సాఫ్ట్‌వేర్‌కి కలిపాక చిన్న పని మిగులుతుంది. మీరు గట్టిగా కొట్టినా 127 దాకా వెళ్లకపోతే, లేదా ముట్టుకుంటేనే అరిస్తే, సాఫ్ట్‌వేర్‌లో వెలాసిటీ కర్వ్ అనే సెట్టింగ్ (ఎంత వేగంగా నొక్కితే ఎంత గట్టిగా పలకాలో చెప్పేది) మార్చుకోవాలి. చాలామంది ఇది తెలియక కీబోర్డే బాగాలేదని తిరిగి ఇచ్చేస్తారు.

ప్రశ్న: మా అమ్మాయికి 11 ఏళ్లు. గ్రేడ్ 4 పరీక్షకి తయారవుతోంది. టీచర్ గారు ‘హాఫ్ పెడల్’ వేయమంటున్నారు, ఇంట్లో ఎంత ప్రయత్నించినా పెడల్ నొక్కితే సౌండ్ సాగుతుంది, వదిలితే ఠక్కున ఆగిపోతుంది, మధ్యలో ఏమీ రావడం లేదు. కీబోర్డ్‌తో పాటు ఇచ్చిన చిన్న చదరపు పెడలే వాడుతున్నాం. పాప తప్పా, పెడల్ తప్పా? మూడు పెడళ్లది కొనాలా?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: పాప తప్పు కాదమ్మా, ఆ మాట ముందు పాపకే చెప్పండి. ఆ చదరపు పెడల్ నిజానికి కాలింగ్ బెల్ స్విచ్ లాంటిది. ఉంది, లేదు, రెండే.

పియానోలో కుడి పెడల్ ఏం చేస్తుందో చూస్తే టీచర్ గారు అడుగుతున్నది అర్థమవుతుంది. ప్రతి తీగ మీదా డ్యాంపర్ అనే మెత్తటి ఫెల్ట్ ముక్క ఆనుకుని ఉంటుంది (చివర ఉన్న చాలా సన్నటి తీగలకి తప్ప, అవి ఎలాగూ త్వరగా ఆగిపోతాయి). పెడల్ నొక్కితే ఆ ముక్కలన్నీ ఒకేసారి పైకి లేస్తాయి, తీగలన్నీ స్వేచ్ఛగా మోగుతాయి, కొట్టని తీగలు కూడా పక్కవాటి మోతకి లేచి పలుకుతాయి. సగం వదిలితే ఫెల్ట్ తీగని తాకీ తాకనట్టు ఉంటుంది. అప్పుడు పై స్వరాలు త్వరగా తేలిపోయి, కింది లావు తీగల మోత కొంచెం నిలబడుతుంది. పాత స్వరం పూర్తిగా తెగకుండా కొత్త స్వరం కలవాలంటే ఇదే దారి. బీథోవెన్ 1801లో రాసిన మూన్‌లైట్ సొనాటా మొదటి భాగాన్ని డ్యాంపర్లు లేకుండా వాయించమని ఆయనే రాశారు. ఆయన కాలపు పియానోలో మోత త్వరగా ఆరిపోయేది కాబట్టి సరిపోయింది, ఇప్పటి పియానోలో అలాగే నొక్కి ఉంచితే అంతా కలిసి ముద్దయిపోతుంది, అందుకే వాయించేవాళ్లు సగం సగం వదులుతూ పోతారు. మీ అమ్మాయి కాలు నేర్చుకోవాల్సింది ఆ మధ్యలో ఉన్న అంగుళం.

హాఫ్ పెడల్ పని చేయాలంటే మూడు చోట్ల కుదరాలి, ఒక్క చోట తెగినా రాదు. పెడల్ కంటిన్యువస్ రకం అయి ఉండాలి, అంటే ఎంత లోతు నొక్కారో చెప్పగలగాలి. యమహాకి ఎఫ్‌సీ3ఏ అలాంటిది, రోలాండ్‌కి డీపీ-10 అలాంటిది, డీపీ-10 మీద ఒక చిన్న స్విచ్ ఉంటుంది, అది కంటిన్యువస్ వైపు ఉందో లేదో చూసుకోవాలి. రెండోది, కీబోర్డ్ వెనక ఉన్న పెడల్ జాక్ ఆ లోతుని చదవగలగాలి. కొన్ని కీబోర్డ్‌లకి ఎంత మంచి పెడల్ పెట్టినా ఉంది లేదు అనే చదువుతాయి. కీబోర్డ్‌తో వచ్చిన పుస్తకంలో ‘హాఫ్ పెడల్’ అన్న మాట వెతకండి, ఉంటే రాసే ఉంటుంది. మూడోది, సౌండ్ ల్యాప్‌టాప్ నుంచి వస్తుంటే ఆ సాఫ్ట్‌వేర్ కూడా ఒప్పుకోవాలి. పియానోటెక్ ఒప్పుకుంటుంది.

మీ దగ్గర ఉన్నది ఏ రకమో తేల్చుకోవడానికి సులువైన దారి ఉంది. మిడీలో సస్టెయిన్ పెడల్, అంటే ఈ కుడి పెడల్‌ది 64వ నంబర్. కీబోర్డ్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపి, ఉచితంగా దొరికే మిడీ మానిటర్ ప్రోగ్రామ్ (కీబోర్డ్ పంపే అంకెలు చూపించేది) ఏదైనా తెరిచి, పెడల్‌ని చాలా నెమ్మదిగా నొక్కండి. 64 ఎదురుగా 0, 9, 22, 40 అలా అంకెలు పెరుగుతూ పోతే హాఫ్ పెడల్ వస్తోంది. సున్నా నుంచి 127కి ఒకేసారి దూకితే రావడం లేదు. పెడల్ కొన్న రోజే ఇలా చూసుకుంటే తిరిగి ఇవ్వడానికి వీలుంటుంది.

ఒక కంపెనీ కంటిన్యువస్ పెడల్‌ని ఇంకో కంపెనీ కీబోర్డ్‌కి పెడితే లోపలి వైరింగ్ వేరుగా ఉండి పని చేయకపోవచ్చు. మామూలు స్విచ్ పెడల్ విషయంలో ఎవరిది ఎవరికైనా దాదాపు సరిపోతుంది, కంటిన్యువస్ విషయంలో మాత్రం కీబోర్డ్ కంపెనీదే కొనండి, పది శాతం ఎక్కువైనా సరే.

మూడు పెడళ్ల గురించి అడిగారు. ఎడమది సాఫ్ట్ పెడల్. గ్రాండ్ పియానోలో అది సుత్తులన్నింటినీ కాస్త పక్కకి జరుపుతుంది, మూడు తీగలు కొట్టే సుత్తి రెండే కొడుతుంది, సౌండ్ మెత్తబడుతుంది. మధ్యది సోస్టెనూటో, ఆ క్షణంలో నొక్కి ఉన్న నోట్లని మాత్రమే పట్టి ఉంచుతుంది, చాలా అరుదుగా వాడతారు. గ్రేడ్ 4లో పాపకి కావలసింది కుడి పెడల్ ఒక్కటే, అది బాగుండాలి. పీ-45 లాంటి వాటికి ఎలాగూ ఒకటే జాక్ ఉంటుంది, మూడు పెడళ్లు కొన్నా రెండు ఊరికే ఉంటాయి.

పెడల్ జారడం గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. మన ఇళ్లలో టైల్స్, గ్రానైట్. నొక్కినప్పుడల్లా పెడల్ ముందుకి పాకుతుంది, పాప వెనక్కి లాక్కుంటూ నడుం వంచి వాయిస్తుంది, ఆ భంగిమ అలవాటైపోతే పోగొట్టడం కష్టం. పెడల్ కింద పాత యోగా మ్యాట్ ముక్క వేసి, దాని మరో చివర స్టాండ్ కాళ్ల కింద లేదా స్టూల్ కాళ్ల కింద తొక్కిపట్టేలా పెట్టండి. పాదం మడమ నేలకి ఆనాలి, ముందు భాగంతో నొక్కాలి. కాళ్లు నేలకి అందని పిల్లలకైతే మడమ కింద పీట వేసి, పెడల్‌ని కూడా అదే ఎత్తుకి తేవాలి, వేలాడే కాలితో హాఫ్ పెడల్ రాదు.

గ్రేడ్ పరీక్ష అన్నారు కాబట్టి, ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్లకి పియానోకి వేరే పరీక్ష, ఎలక్ట్రానిక్ కీబోర్డ్‌కి వేరే పరీక్ష ఉన్నాయి. పాప దేనికి తయారవుతోందో టీచర్ గారిని అడిగి, ఆ సిలబస్‌లో వాయిద్యం గురించి రాసింది చదివి అప్పుడు ఖర్చు పెట్టండి.

ప్రశ్న: అన్నా, కొత్త పెడల్ కొన్నా. నొక్కితే సౌండ్ ఆగుతోంది, వదిలితే సాగుతోంది. ఉల్టా పనిచేస్తోంది. పాడైందా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: పాడవలేదు తమ్ముడూ. పెడళ్లు రెండు రకాలుగా తయారుచేస్తారు, కొన్నింట్లో నొక్కితే సర్క్యూట్ కలుస్తుంది, కొన్నింట్లో నొక్కితే తెగుతుంది. కీబోర్డ్ ఆఫ్ చెయ్యి, పెడల్ పిన్ పెట్టు, కాలు దాని మీద లేకుండా ఆన్ చెయ్యి. చాలా కీబోర్డ్‌లు ఆన్ అయ్యే క్షణంలో పెడల్ ఏ స్థితిలో ఉంటే దాన్నే ‘వదిలిన స్థితి’ అనుకుంటాయి. అప్పటికీ ఉల్టాగానే ఉంటే పెడల్ అడుగున చిన్న స్విచ్ ఉందేమో చూడు, ఎం-ఆడియో ఎస్‌పీ-2 లాంటి వాటికి ఉంటుంది, దాన్ని రెండోవైపు జరుపు. ఇంకో సంగతి, ‘ఎక్స్‌ప్రెషన్’ అని రాసి ఉన్న జాక్‌లో సస్టెయిన్ పెడల్ పెట్టకు, రెండింటి పిన్నూ ఒకేలా ఉంటుంది గానీ అది వేరే పనికి.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌కి కలిపి వాయిస్తుంటే కీ నొక్కాక కాసేపటికి సౌండ్ వస్తోంది. కీబోర్డ్ మార్చాలా? బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ వాడుతున్నాను.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: కీబోర్డ్ జోలికి వెళ్లకండి. ముందు ఆ బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టండి, పాటలు వినడానికి అవి బాగుంటాయి, వాయించడానికి పనికిరావు. మామూలుగా వాటిలో సౌండ్ 100 మిల్లీసెకన్లకి పైగా వెనకబడుతుంది. వైరు ఉన్నవి పెట్టుకోండి, సగం సమస్య అక్కడే పోతుంది.

మిగిలినది ల్యాప్‌టాప్ సెట్టింగ్. విండోస్ అయితే సాఫ్ట్‌వేర్‌లో ఆడియో డ్రైవర్ దగ్గర ఏసియో అనే, ఆలస్యం తగ్గించే రకాన్ని ఎంచుకోండి, లేకపోతే ఏసియో4ఆల్ అని ఉచితంగా దొరుకుతుంది. బఫర్ అనే చోట (ల్యాప్‌టాప్ ఒక్కో విడతకి సిద్ధం చేసే సౌండ్ తునకల సంఖ్య) 128 పెట్టి చూడండి. 44,100 హెర్ట్జ్ (సెకనుకి అన్ని తునకలు) దగ్గర 128 అంటే దాదాపు 3 మిల్లీసెకన్లు, 512 అంటే దాదాపు 12. మీటరు దూరంలో ఉన్న స్పీకర్ నుంచి సౌండ్ చెవికి రావడానికే 3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి 128 దగ్గర మీకు ఆలస్యం తెలియదు. చిటపట శబ్దాలు వస్తే 256కి పెంచండి. మాక్, ఐప్యాడ్‌లలో ఈ బాధ చాలా తక్కువ. కీబోర్డ్ కేబుల్‌ని యూఎస్‌బీ హబ్‌లో కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి, ముఖ్యంగా కరెంటు కూడా ఆ కేబుల్ నుంచే తీసుకునే కంట్రోలర్ అయితే.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. వచ్చే వేసవిలో విశాఖ వస్తున్నాం, అక్కడ మా అన్నయ్య కొడుక్కి ఇక్కడ నుంచి 88 కీస్ కీబోర్డ్ తీసుకెళ్దామని ఉంది. చెక్-ఇన్‌లో వేయొచ్చా?
– ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: ప్రేమగా తీసుకెళ్దామనుకుంటున్నారు, కాదనలేను, కానీ లెక్క చూడండి. చాలా విమానయాన సంస్థలు ఒక చెక్-ఇన్ పెట్టెకి 23 కిలోలు, పొడవు వెడల్పు ఎత్తు మూడూ కలిపి 158 సెంటీమీటర్లు అంటాయి. యమహా పీ-45 ఒంటిగానే 132.6, 29.5, 15.4 సెంటీమీటర్లు, కలిపితే 177 దాటింది, దాని అట్టపెట్టె ఇంకా పెద్దది. బరువు సరిపోయినా కొలత సరిపోదు, ఓవర్‌సైజ్ కింద అదనంగా కట్టాలి. పైగా హ్యామర్ యాక్షన్‌లో లోపల 88 చిన్న బరువులు ఊగుతుంటాయి, పెట్టెని నిలువుగా పడేస్తే ఏం జరుగుతుందో చెప్పలేం.

కరెంటు సంగతి ఇంకా ముఖ్యం. అమెరికాలో 120 వోల్టులు, మనకి 230. కీబోర్డ్ అడాప్టర్ మీద ‘100–240’ అని ఉంటే ప్లగ్ పిన్ మారిస్తే చాలు. 120 అని మాత్రమే ఉంటే విశాఖలో పెట్టిన రోజే కాలిపోతుంది. కొన్ని మోడళ్లకి ఇలా 120 మాత్రమే పట్టే అడాప్టరే వస్తుంది. వారంటీ కూడా కొన్న దేశంలోనే ఉంటుంది. నా సలహా, డబ్బు పంపి, బాబుని షాపుకి తీసుకెళ్లి వాడి చేత్తోనే వాయించి చూసి ఎంచుకోనివ్వండి. మీరు అక్కడి నుంచి తేవాలంటే మంచి కంటిన్యువస్ పెడల్ తెండి, సూట్‌కేసులో పడుతుంది, కరెంటు అక్కర్లేదు. కొనే కీబోర్డ్ కంపెనీ ముందే తెలుసుకుని తెండి.

సముద్రపు ఊరు కాబట్టి వాయించనప్పుడు గుడ్డ కప్పమని చెప్పండి. తేమ, దుమ్ము కీస్ కింద రబ్బరు కాంటాక్టుల మీద చేరితే రెండేళ్లకే నోట్లు తేడాగా పలుకుతాయి.

ప్రశ్న: మా చర్చిలో పదేళ్లుగా 61 కీస్ కీబోర్డ్ వాయిస్తున్నాను. ఆర్గన్, స్ట్రింగ్స్, రిథమ్ అన్నీ దాని మీదే. ఇంట్లో కర్ణాటక కీర్తనలు కూడా వాయిస్తాను. అందరూ వెయిటెడ్ 88కి మారమంటున్నారు. మారాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మారాల్సిన అవసరం లేదండీ. మీరు చేసే పనికి మీ దగ్గర ఉన్నదే సరైనది. ఆర్గన్ వాయించేటప్పుడు అరచేత్తో కీస్ మీద జారడం, వేగంగా ఒకే కీ తట్టడం తేలిక కీస్ మీదే బాగా వస్తాయి, హ్యామర్ యాక్షన్ మీద వేళ్లు కోసుకుంటాయి. కీర్తనలకి గమకం కావాలి, పియానో కీ ఎంత బాగున్నా స్వరం నుంచి స్వరానికి జారలేదు, దానికి మీ ఎడమ చేతి కింద ఉన్న పిచ్ బెండ్ వీలే దిక్కు. చాలా డిజిటల్ పియానోలకి ఆ వీల్ ఉండదు. అందరూ మారమంటున్నారని మారి, వీల్ పోగొట్టుకుని, ప్రతి ఆదివారం పన్నెండు కిలోలు మోయడం ఎందుకు?

పియానో ముక్కలు వాయించాలని మీకే మనసులో ఉంటే అప్పుడు ఇంటికి రెండోది కొనుక్కోండి. మొదటిది అమ్మకండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో హ్యామర్ యాక్షన్ డిజిటల్ పియానో ఒకటి దొరుకుతోంది, ఆరేళ్లు వాడారట. చూడ్డానికి కొత్తదానిలా ఉంది. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: తీసుకోవచ్చు, పైమెరుగు చూసి మాత్రం కాదు. కింది చివర నుంచి పై చివర దాకా 88 కీస్‌నీ ఒక్కొక్కటిగా, వీలైనంత మెత్తగా, ఒకే బలంతో నొక్కుతూ వెళ్లండి. ఎక్కడైనా ఒక నోట్ ఉన్నట్టుండి గట్టిగా అరిచిందంటే ఆ కీ కింద కాంటాక్టులో మురికి చేరిందని అర్థం, వేగం కొలిచే రెండింటిలో ఒకటి సరిగ్గా తగలడం లేదు. ఒకటి రెండు కీస్ అయితే శుభ్రం చేయిస్తే బాగవుతుంది, రబ్బరు స్ట్రిప్ మార్చినా పెద్ద ఖర్చు కాదు, కానీ ఆ మోడల్‌కి స్ట్రిప్ దొరుకుతుందో లేదో కొనకముందే సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి అడగండి. తర్వాత వాల్యూమ్ సున్నా చేసి మళ్లీ నొక్కండి. మధ్యలో రెండు ఆక్టేవులు టకటకమంటూ, చివరలు నిశ్శబ్దంగా ఉంటే లోపలి ఫెల్ట్ మధ్యలో అరిగింది, ఆరేళ్లలో నిజంగా బాగా వాయించారన్నమాట. అది మార్చడానికి మొత్తం విప్పాలి, ధరలో ఆ మేరకు తగ్గించమనండి.

యూఎస్‌బీ కేబుల్, ల్యాప్‌టాప్ మీరే తీసుకెళ్లి కలిపి చూడండి, చాలామంది అమ్మేవాళ్లు ఆ పోర్ట్ ఎప్పుడూ వాడి ఉండరు. అడాప్టర్ దాంతో వచ్చినదేనా, మధ్యలో మార్చారా అని అడగండి. ఎక్స్ ఆకారపు స్టాండ్ కూడా ఇస్తామంటే దాని కోసం ధర పెంచనివ్వకండి, హ్యామర్ యాక్షన్ మీద గట్టిగా వాయిస్తే అది ఊగుతుంది, నాలుగు కాళ్ల గట్టి బల్ల ఇంతకన్నా నయం, తెల్ల కీస్ నేల నుంచి 72 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉండేలా చూసుకుంటే చాలు. పెడల్ ఇస్తే మాత్రం తీసుకోండి, పైన కాకినాడ అమ్మగారికి చెప్పినట్టు నెమ్మదిగా నొక్కుతూ 64వ నంబర్ చూడండి.